ఆక్టోనియన్లతో కొత్త క్రిప్టోగ్రఫీ మీద పీహెచ్‌డీ: నా అనుభవం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఎంఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది, నంబర్ థియరీ అంటే ఇష్టం, గుణకారంలో బ్రాకెట్లు మారిస్తే జవాబు మారిపోయే ఆల్జీబ్రాలు వాడితే హ్యాకర్‌కి పని కష్టమవుతుంది కదా, ఆ దారిలో ఒక కొత్త క్రిప్టో పద్ధతి కట్టి పీహెచ్‌డీ చేయొచ్చా అని.

చేయొచ్చు. కానీ మీ ప్రశ్నలో దాక్కున్న "కాబట్టి" ఒకటుంది చూడండి, బ్రాకెట్లు మారితే జవాబు మారుతుంది కాబట్టి భద్రత పెరుగుతుంది అన్నది, అది నా పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఎనిమిది నెలలు మింగేసింది.

చదివేవాళ్లలో కొత్తవాళ్ల కోసం ఒక మాట. (10−5)−3 అంటే 2, 10−(5−3) అంటే 8. స్కూల్లో సహచర ధర్మం అని బట్టీ పట్టింది తీసివేతకు లేదు. గుణకారానికి కూడా అది లేని సంఖ్యలున్నాయి. 1843 అక్టోబరులో డబ్లిన్‌లో హామిల్టన్ నాలుగు భాగాలుండే క్వాటర్నియన్లు కనుక్కుంటే, ఆ డిసెంబరులోనే ఆయన స్నేహితుడు జాన్ గ్రేవ్స్ ఎనిమిది భాగాలవి కనుక్కున్నాడు. 1845లో కేలీ విడిగా కనుక్కుని ముందు అచ్చేయడంతో పేరు ఆయనకు పోయింది. ఇవే ఆక్టోనియన్లు. 1తో పాటు ఇ1 నుంచి ఇ7 దాకా ఏడు మూలకాలు. ఒక్కోదాని వర్గం −1. అందరూ వాడే పట్టికల్లో ఒకదాని ప్రకారం ఇ1·ఇ2 = ఇ4, ఇ2·ఇ3 = ఇ5, ఇ3·ఇ4 = ఇ6, ఇలా చక్రంలా తిరుగుతుంది. వరస తిప్పితే గుర్తు మారుతుంది. (ఇ1·ఇ2)·ఇ3 చేస్తే −ఇ6 వస్తుంది. ఇ1·(ఇ2·ఇ3) చేస్తే +ఇ6. కాగితం మీద ఒక్కసారి చేసి చూడండి.

నేను దీన్ని చూసే పడిపోయాను. ఇద్దరు అందరూ వింటుండగానే ఒక రహస్య తాళంచెవి తయారుచేసుకునే 1976 నాటి డిఫీ–హెల్మన్ పద్ధతి తీసుకుని, మామూలు సంఖ్య బదులు ప్రధాన సంఖ్య ప మాడ్యులోలో (అంటే పతో భాగించగా మిగిలే శేషాలతోనే లెక్కలు చేస్తూ) ఒక ఆక్టోనియన్ క్ష పెట్టాను. ఒకరు క్షను మ సార్లు హెచ్చించి పంపుతారు, రెండోవారు న సార్లు. ఇద్దరూ ఎదుటివాళ్లది మళ్లీ హెచ్చిస్తే ఒకే తాళంచెవి. ప 64 బిట్లది, భాగాలు ఎనిమిది, కాబట్టి 512 బిట్ల బలం అని రాసుకున్నాను. సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాం రాసి నడిపితే రెండువైపులా తాళంచెవి అచ్చంగా కలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మా గైడ్ గారు కాగితాలు తిరగేసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "కలవడానికి బ్రాకెట్లు అడ్డు రావాలి కదయ్యా, ఎందుకు రాలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన బోర్డు మీద 1 + 2ఇ1 + 3ఇ2 అని రాసి వర్గం చేయమన్నారు. −12 + 4ఇ1 + 6ఇ2 వచ్చింది. "ఇప్పుడు అసలు సంఖ్యని రెండింతలు చేసి 14 తీసెయ్." అదే వచ్చింది. 14 అంటే 1+4+9, భాగాల వర్గాల మొత్తం. ఈ లెక్క ఏ ఆక్టోనియన్‌కైనా పనిచేస్తుంది: దాని వర్గం ఎప్పుడూ ఏదో ఒక సంఖ్యతో గుణించిన అదే ఆక్టోనియన్, ప్లస్ ఒక మామూలు సంఖ్య. వర్గం అలా ఉంటే ఘనమూ అంతే, వెయ్యో ఘాతమూ అంతే. ఎనిమిది దిక్కులున్న ఇంట్లో నా ఘాతాలన్నీ ఒకే గోడకి అంటుకుని తిరుగుతున్నాయి. ఆ గోడ ఏమిటంటే, మంచి రోజున ప² మూలకాలున్న ఫీల్డు (కూడిక, గుణకారం, భాగహారం మామూలు సంఖ్యల్లాగే నడిచే సమితి), చెడ్డ రోజున అంతకంటే చిన్నది. నేను 512 అనుకున్నది మహా అయితే 128. ఎన్నో ఘాతమో బయటికి లాగే ఇండెక్స్ కాలిక్యులస్ పద్ధతులకు అదొక పెద్ద పనే కాదు. తాళంచెవులు కలవడమే నా పద్ధతికి చావుకబురు: ఆ రెండూ కలిశాయంటే అక్కడ అసలు బ్రాకెట్ల గొడవే లేదన్నమాట.

పట్టు వదల్లేదు. ఒక్కటి చాలకపోతే రెండు ఆక్టోనియన్లు వాడదామని, ఒకదాన్ని మధ్యలో పెట్టి రెండోదానితో అటూ ఇటూ గుణించే పద్ధతి ఒకటి అల్లాను. దానికి ఆర్టిన్ సిద్ధాంతం అడ్డొచ్చింది. ఆక్టోనియన్లలో ఏ రెండు తీసుకున్నా, వాటి నుంచి పుట్టే సంసారమంతా సహచర ధర్మం పాటిస్తుంది. ప మాడ్యులోలో అది మామూలుగా 2×2 మాత్రికల్లోకి దిగిపోతుంది. సరే, మూడు వాడదాం అనుకున్నాను. మూడు రాగానే బ్రాకెట్లు నిజంగానే అడ్డొచ్చాయి, ఇద్దరికీ రెండు వేర్వేరు తాళంచెవులు వచ్చాయి. (నవ్వకండి. మీరూ ఈ మూడు మెట్లూ ఎక్కుతారు.)

ఎన్‌ట్రూ లాంటి లాటిస్ పద్ధతులకు (క్రమంగా పరిచిన బిందువుల జాలకాల మీద కట్టిన క్రిప్టో) ఆక్టోనియన్లు తొడిగే పేపర్లు కూడా మీకు తగులుతాయి. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: బయటికి తెలిసిన ఆక్టోనియన్‌తో ఎడమనుంచి గుణించడం అంటే ఒక 8×8 మాత్రికతో గుణించడమే. దాడి చేసేవాడికి కనిపించేది ఎనిమిది రెట్లు పెద్ద లాటిస్, అంతే. కాబట్టి పోల్చాల్సింది ఎనిమిది రెట్లు పెద్ద మామూలు ఎన్‌ట్రూతో. ఆ పోలిక లేని పేపరుని నేనైతే పక్కన పెడతాను. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఖరారు చేసిన మూడు పోస్ట్ క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్లకీ లొంగకుండా ఉండాలని కట్టిన) ప్రమాణాల్లో రెండు లాటిస్‌లవి, ఒకటి హాష్ ఫంక్షన్లది (ఎంత పెద్ద సమాచారాన్నైనా చిన్న ముద్రగా మార్చేవి). ఆక్టోనియన్లకు అక్కడ చోటు దొరకలేదు.

మరి సహచర ధర్మం లేకపోవడం ఎక్కడైనా నిజంగా పనికొస్తుందా? వస్తుంది, నేను వెతకని చోట. మీ ఆధార్ నంబరులో చివరి అంకె మిగతా పదకొండింటి నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. 1969 నాటి ఆ పద్ధతి అయిదు భుజాల బొమ్మ సౌష్ఠవాల గ్రూపు మీద నిలబడింది, అక్కడ సహచర ధర్మం ఉంది. 2004లో డామ్ ఇంకో దారి చూపాడు. పది అంకెలతో ఒక లాటిన్ చదరం, అంటే ప్రతి అడ్డవరసలోనూ ప్రతి నిలువువరసలోనూ ఒక్కో అంకె ఒక్కసారే వచ్చే పట్టిక. అదే గుణకార పట్టిక. సహచర ధర్మం లేదు, అయినా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కవి రెండు తారుమారైనా పట్టేస్తుంది. వెర్‌హోఫ్‌కి కావలసిన స్థానాల మార్పిడి పట్టికలు దీనికి అక్కర్లేదు. ఇది క్రిప్టో కాదు, తప్పులు పట్టడం మాత్రమే. కానీ ఎంఎస్సీ ప్రాజెక్టుకి ఇంతకంటే మంచిది నాకు తట్టదు. లాటిన్ చదరాలతో అసలు క్రిప్టో కూడా ప్రయత్నించారు: కొత్త హాష్ ప్రమాణం కోసం ఎన్‌ఐఎస్‌టీ పెట్టిన షా-3 పోటీ మొదటి రౌండులో ఎడాన్-ఆర్ అనే హాష్ ఉండేది, రెండో రౌండుకి వెళ్లలేదు.

చివరికి నా థీసిస్‌లో క్రిప్టో అన్న మాట ముందుమాటలో తప్ప లేదు. నంబర్ థియరీ వైపు జరిగాను. బ్రహ్మగుప్తుడు 628లో చెప్పిన సూత్రం మీకు తెలిసే ఉంటుంది: రెండు వర్గాల మొత్తాన్ని అలాంటిదే ఇంకోదానితో గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే. 5×13 = 65 = 16 + 49. నాలుగు వర్గాలకు ఆయిలర్, ఎనిమిదికి డెగెన్. ఎనిమిది తర్వాత దారి మూసుకుపోతుందని 1898లో హుర్విట్జ్ రుజువు చేశాడు. ఆ ఎనిమిదో మెట్టు మీద "పూర్ణాంకాలు" అంటే ఏవో తేల్చడమే పెద్ద కథ. కిర్మ్సే అనే గణితవేత్త ఒక సమితి చూపించి ఇది గుణకారానికి సంవృతమన్నాడు, అంటే ఇందులో ఏ రెండు గుణించినా ఇందులోదే వస్తుందని. కాదు. 1946లో కాక్స్‌టర్ సరిదిద్దాడు. రెండు నిరూపకాలు అటూ ఇటూ మారిస్తే సరిపోయే తప్పు అది. అది చదివాక నా ఎనిమిది నెలల మీద బెంగ కొంచెం తగ్గింది. సరిదిద్దిన ఆ పూర్ణాంకాల్లో నార్మ్ (అంటే భాగాల వర్గాల మొత్తం) 1 ఉన్నవి 240, నార్మ్ 2 ఉన్నవి 2160, నార్మ్ 3 ఉన్నవి 6720. రెండోదాన్ని 240తో భాగిస్తే 9, అంటే 1 + 2 ఘనం. మూడోదాన్ని భాగిస్తే 28, అంటే 1 + 3 ఘనం. రామానుజన్ 1916 పేపరులో క్యూ అని పిలిచిన శ్రేణిలోని గుణకాలు ఇవే.

సెలవుల్లో సేజ్ పెట్టుకుని నార్మ్ 4 ఉన్నవి లెక్కపెట్టండి. 4 భాజకాల ఘనాల మొత్తం 73 కాబట్టి 17520 రావాలి. రాకపోతే మీరు కిర్మ్సే సమితి మీద కూర్చున్నారని అనుకోకండి, లెక్క అక్కడా అంతే వస్తుంది. ప్రోగ్రాంలో తప్పు వెతకండి. ఆ సమితిలో రెండింటిని గుణించి చూస్తేనే అసలు తేడా బయటపడుతుంది.