ఫోమ్ ప్యాడ్ ఊడిపోవడం ప్యాడ్ తప్పా, మన చేతి తప్పా?

కారు గీతలు పోగొట్టే కొత్త డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌తో (ప్యాడ్‌ను కక్ష్యలో ఊపుతూ తిప్పే మిషన్) బానెట్ సగం పూర్తయ్యేసరికి ఫోమ్ ప్యాడ్ వెల్‌క్రో నుంచి ఊడి ఎగిరిపోయిందనీ, రెండో ప్యాడ్ అంచు చిరిగిందనీ రాశారు. ప్యాడ్లు నాసిరకమా, మీరు వాడిన తీరు తప్పా, ఊడినదాన్ని గమ్‌తో అంటించి మళ్లీ వాడవచ్చా అని అడిగారు. ప్యాడ్లను చూడకుండా వాటి నాణ్యత గురించి చెప్పలేను గానీ, విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంటు ముందు నేను వరుసగా మూడు ప్యాడ్లు పాడుచేశాను. ఆ మూడూ మంచి ప్యాడ్లే.

నాలుగేళ్ల క్రితం మే నెలలో, ఉదయం పది గంటలకు, వేపచెట్టు నీడన కారు నిలిపి పని మొదలుపెట్టాను. కారు ముదురు నీలం రంగుది కావడంతో గీతలన్నీ ఎండలో సాలెగూడులా కనిపించేవి, వాటిని ఒక్క పూటలో పోగొట్టాలన్న తొందరలో మిషన్ వేగాన్ని అన్నిటికంటే ఎక్కువైన 6 మీద పెట్టి, రెండు చేతులతో ఒళ్లంతా మోపి నొక్కాను. నీడ ఎప్పుడు జరిగిందో గమనించలేదు. కాసేపటికి జిగురు మాడుతున్న వాసన వచ్చింది, అది కాంపౌండ్ (గీతలను అరగదీసే పాలిష్ ముద్ద) వాసనే అనుకుని కొనసాగించాను. తరువాతి నిమిషంలో ఫోమ్ బిళ్ల చక్రంలా దొర్లుకుంటూ గేటు దాకా పోయింది, వెల్‌క్రో గుడ్డ మాత్రం మిషన్‌కే అంటుకుని ఉండిపోయింది. బానెట్ మీద పడిన నెలవంక లాంటి గీత పోవడానికి తరువాత ఒక ఆదివారమంతా పట్టింది.

ఆ రోజు నాకు తెలియనిది ఏమిటంటే, చాలా సందర్భాల్లో ప్యాడ్ చచ్చేది పెయింటును తాకే వైపు నుంచి కాదు, వెనుక నుంచి. ఫోమ్ అనేది పాలీయురేతేన్ నురగ, దాని వెనుక వెల్‌క్రో పొరను జిగురుతో అతికిస్తారు. నురగలో ఉన్నదంతా గాలి గదులే కాబట్టి అది వేడిని బయటికి పోనివ్వదు. మిషన్ ప్యాడ్‌ను నిమిషానికి కొన్ని వేలసార్లు కక్ష్యలో ఊపుతుంటే ఫోమ్ లోపలే అటూ ఇటూ నలిగి వేడెక్కుతుంది, పెయింటు మీద రాపిడి వేడి దానికి తోడవుతుంది. ఆ వేడి ఎక్కువగా పోగయ్యే చోటు ప్యాడ్ నడిమధ్య, ఎందుకంటే అంచులకు గాలి తగులుతుంది, మధ్యభాగానికి తగలదు. మధ్యలో జిగురు మెత్తబడుతుంది, వెల్‌క్రో కొక్కేలు వంగిపోతాయి, ప్యాడ్ కొంచెం పక్కకు జరుగుతుంది, జరిగిన ప్యాడ్ సమతూకం తప్పి ఇంకా ఎక్కువ ఊగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఒకసారి ఈ వరుస మొదలైతే మనం ఆపేలోపే బిళ్ల ఊడిపోతుంది. మధ్యలో రంధ్రం ఉన్న ప్యాడ్లు వచ్చింది ఈ ఇబ్బంది వల్లనే. మందం ఎక్కువున్న ప్యాడ్ ఎక్కువ కాలం మన్నుతుందన్న నా నమ్మకం కూడా తప్పే, మందం పెరిగేకొద్దీ లోపల నలిగే ఫోమ్ పెరుగుతుంది, కాబట్టి పలుచని ప్యాడే చల్లగా పనిచేస్తుంది. 15 మిల్లీమీటర్లు, 21 మిల్లీమీటర్ల పెద్ద కక్ష్యతో తిరిగే మిషన్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

నొక్కడం గురించి నా కళ్లు తెరిపించింది ఆటోనగర్‌లో రబ్బింగ్ పని చేసే ఒక పెద్దాయన. నేను పట్టుకెళ్లిన ప్యాడ్ శవాన్ని తిప్పి చూసి, "మిషన్ బరువు చాలదా బాబూ, నీ బరువు కూడా ఎందుకు దాని మీద?" అన్నారు. ఆయన వాడేది ప్యాడ్‌ను మోటారే నేరుగా గుండ్రంగా తిప్పే రోటరీ మిషన్, దాని లెక్క వేరు, అయినా మాట సరైనదే. చాలా డ్యూయల్ యాక్షన్ మిషన్లలో ప్యాడ్ గుండ్రంగా తిరగడం స్వేచ్ఛగా జరిగే పని, బలంగా నొక్కితే ఆ తిరుగుడు ఆగిపోయి ఉత్త వణుకు మిగులుతుంది. అప్పుడు గీతలు పోవు, వేడి మాత్రం పెరుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అతుక్కునే మిషన్ బిళ్ల) అంచు మీద నల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేస్తున్నంతసేపూ ఆ గీత తిరుగుతూ కనిపించాలి. కనిపించకపోతే చేతి బరువు తగ్గించాలి, లేదా ప్యాడ్ ఒక పక్కకు వాలి ఉంటే సరిచేయాలి. బంపర్ వంపుల మీదా, తలుపుల రేకు మీది మడత గీతల దగ్గరా ప్యాడ్ తరచుగా వాలిపోతుంది, అక్కడ వేగం పెంచి లాభం లేదు, చిన్న ప్యాడ్‌కు మారాలి.

వేగం విషయంలో నా అలవాటు చెబుతాను. కాంపౌండ్ పరచడానికి 1 లేదా 2, పనికి 4, మొండి గీతలుంటే 5. ఆరుకు నేను మళ్లీ వెళ్లలేదు. ఒకసారికి అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న చోటును మాత్రమే తీసుకుని, సెకనుకు ఒక అంగుళం చొప్పున నింపాదిగా చేయి కదుపుతాను.

కాంపౌండ్ ఎక్కువ వేస్తే ప్యాడ్‌కు మేలు అనుకోవడం మరో పొరపాటు. పొడి ప్యాడ్‌తో పని మొదలుపెడితే రాపిడికి ఫోమ్ చిరుగుతుందన్నది నిజమే, అందుకని కొత్త ప్యాడ్ ముఖమంతా వేలితో పలుచగా పూయాలి. ఆ తరువాత మాత్రం ఒక్కో విడతకు బఠాణీ గింజంతవి మూడు నాలుగు చుక్కలు చాలు. అంతకు మించి వేస్తే ఫోమ్ గదులన్నీ కాంపౌండ్‌తో నిండి, తడిసిన పరుపులా బరువెక్కి, మెత్తబడి, ఎండిన పెయింటు పొడితో కలిసి గట్టిపడుతుంది. ప్రతి విడత తరువాత మిషన్‌ను నెమ్మదిగా తిప్పుతూ నైలాన్ బ్రష్ ఆనించి ఆ ముద్దను దులపండి. కంప్రెసర్ ఉంటే గాలి ఇంకా బాగా పనిచేస్తుంది, కాకపోతే నాజిల్‌ను ఏటవాలుగా పట్టుకోవాలి, నిలువుగా ఒకే చోట కొడితే ఫోమ్ చీలుతుంది.

ఇక మన ఊరి ఎండ. బెజవాడను బ్లేజ్‌వాడ అన్నవాళ్లు ఊరికే అనలేదు, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట కారు బానెట్‌కు ఇంకా బాగా వర్తిస్తుంది. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు రేకు మీద అరచేయి ఆనించలేము. అంత వేడి రేకు మీద కాంపౌండ్ నిమిషంలో ఎండిపోతుంది, ప్యాడ్ పనిలోకి దిగకముందే సగం వేడెక్కి ఉంటుంది. చెట్టు నీడ సరిపోదు, అది జరుగుతూ పోతుంది. నేను ఇప్పుడు సెల్లార్‌లోనే, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపేస్తాను. మూడు గంటల్లో బానెట్, రెండు తలుపులు అవుతాయి, మిగతాది మరునాడు. కారు మొత్తానికి ఒకే ప్యాడ్ వాడే రోజులు పోయి, కనీసం నాలుగింటిని పక్కన పెట్టుకుంటున్నాను. ఒక ప్యానెల్ కాగానే ప్యాడ్ తీసి దాని వెనుక మధ్యభాగం మీద వేళ్లు ఆనించి చూస్తాను. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేళ్లు అయిదు సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే అది పక్కకు పోతుంది, పూర్తిగా చల్లారాకే మళ్లీ వస్తుంది.

మీ రెండో ప్యాడ్ చిరిగిన సంగతికి వేడితో సంబంధం ఉండకపోవచ్చు. బానెట్ మీద వైపర్ నీళ్ల జెట్లు, కంపెనీ చిహ్నం, నంబర్ ప్లేటు అంచు, తలుపు పిడులు, ఇవన్నీ తిరిగే ఫోమ్‌కు కత్తుల్లాంటివి. నా రెండో ప్యాడ్ పోయింది నీళ్ల జెట్ తగిలే. వాటన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. టేపు చిరుగును పూర్తిగా ఆపలేదు, కానీ అంచు ఎక్కడుందో కంటికి గుర్తుచేస్తుంది. ఫోమ్‌ను చింపేది మరొకటి కూడా ఉంది. ఇసుక లారీలు, బూడిద లారీలు తిరిగే దారుల్లో నడిచే కార్ల పక్కల కింది భాగాలకు తారు బొట్లు, వాటిలో ఇరుక్కున్న ఇసుక రేణువులు ఉంటాయి. కడిగిన తరువాత వాటిని క్లే బార్‌తో (పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తని ముద్ద) తీయకుండా మిషన్ పెడితే ఫోమ్ చిరగడమే కాకుండా, ఆ రేణువు ప్యాడ్‌లోకి చేరి కారంతా కొత్త గీతలు గీస్తుంది. బ్యాకింగ్ ప్లేటు కొలత కూడా చూసుకోండి. ప్లేటు ప్యాడ్ కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. మరీ చిన్నదైతే ఆధారం లేని ఫోమ్ అంచు మడతపడి చిరుగుతుంది, సమానంగా ఉంటే ప్లేటే పెయింటుకు తగులుతుంది. ప్యాడ్‌ను ప్లేటు మధ్యకు సరిగ్గా అతికించడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వేలెడు పక్కకు జరిగినా వణుకు చేతికి తెలుస్తుంది.

రంగును చూసి ప్యాడ్ కొనకండి. రూపెస్ కంపెనీ వారి పసుపు ప్యాడ్ సున్నితమైన పనికి ఉద్దేశించినది, లేక్ కంట్రీ కంపెనీ వారి పసుపు ప్యాడ్ గట్టి కోతకు (లోతైన గీతలు అరగదీయడానికి).

తీసేటప్పుడూ కడిగేటప్పుడూ కూడా ప్యాడ్లు పాడవుతాయి. వేడి మీద ఉన్న ప్యాడ్‌ను ఫోమ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే, మెత్తబడిన జిగురు ఫోమ్ నుంచే విడిపోతుంది. ఒక నిమిషం ఆగి, వెల్‌క్రో అంచు కింద వేళ్లు దూర్చి నెమ్మదిగా ఒలవండి. పని మధ్యలో మిషన్ పక్కన పెట్టేటప్పుడు ప్యాడ్ పైకి ఉండేలా పెట్టాలి, పని అయిన తరువాత ప్యాడ్‌ను మిషన్‌కే వదిలేయకూడదు. ఎండిన కాంపౌండ్ పోతుందేమోనని నేను మూడో ప్యాడ్‌ను థిన్నర్‌లో ముంచాను, పావుగంటలో ఫోమ్ ఉబ్బి, జిగురు కరిగి, గిన్నెలో రెండు ముక్కలుగా తేలింది. పెట్రోలు, కిరోసిన్ కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, పని అయిన రోజే కడగాలి. రాత్రంతా నానబెట్టకూడదు. గుడ్డను పిండినట్టు మెలిపెట్టకుండా, రెండు అరచేతుల మధ్య అదిమి నీళ్లు తీయండి. ఫోమ్ ముఖం కిందికి, వెల్‌క్రో పైకి ఉండేలా నీడలో ఆరబెడితే నీళ్లు జిగురు దగ్గర నిలవకుండా కిందికి దిగుతాయి. ఆరినవి మూత ఉన్న డబ్బాలో, ఇంట్లో ఉంచండి. కారు డిక్కీలో ఉంచితే మన వేసవి వాడకుండానే వాటిని పాడుచేస్తుంది.

ఊడినదాన్ని గమ్‌తో అంటించకండి. నేను ఒకసారి అంటించాను, చేత్తో లాగితే రాలేదు కాబట్టి గట్టిగానే పట్టిందనుకున్నాను. మిషన్ మీద అది రెండు నిమిషాలు కూడా నిలవలేదు, ఆ వేగంలో ఊడితే ముందు పెయింటుకు తగిలేది ప్లాస్టిక్ ప్లేటే. ప్లేటు మీది కొక్కేలను కూడా ఒకసారి వెలుతురులో చూడండి, మధ్యలో అవి చదునై మెరుస్తూ ఉంటే కొత్త ప్యాడ్ కూడా నిలవదు, ముందు ప్లేటు మార్చాలి. ఊడిన ఫోమ్ బిళ్లను మాత్రం పారేయనక్కరలేదు. బాగా కడిగి నాలుగు ముక్కలుగా కోసుకుంటే, తలుపు పిడుల వెనుక గోళ్ల గీతలు పడే గుంటల్లో మిషన్ చేరని చోట చేత్తో పాలిష్ చేయడానికి చక్కగా పనికొస్తుంది. నావి ఇంకా ఆ పనే చేస్తున్నాయి.