హాస్టల్లో ల్యాప్‌టాప్‌ భద్రం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ హాస్టల్లో ఉంటున్నాడు. గదిలో ముగ్గురు. ఒకరు స్నానానికి వెళ్లినా తలుపు తీసే ఉంటుందట. ల్యాప్‌టాప్‌ పోకుండా ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ తలుపు సంగతి చూడండి. ముగ్గురికీ తలా ఒక తాళంచెవి ఉంటే తెరిచి వదిలే అవసరమే రాదు.

తర్వాత కేబుల్ లాక్, అంటే ల్యాప్‌టాప్‌ను కదలని వస్తువుకు కట్టేసే తాళం ఉన్న ఉక్కు తీగ. ల్యాప్‌టాప్‌ పక్కన 7×3 మిల్లీమీటర్ల చిన్న గాడి ఉంటే మామూలు లాక్ పడుతుంది. పలచటి మోడళ్లలో గాడి ఇంకా చిన్నది, కొన్నిటికి అసలుండదు, కొలిచాకే కొనండి. కేబుల్‌ను బల్ల కాలికి చుట్టొద్దు, కాలు ఎత్తితే జారి వచ్చేస్తుంది. ఇనుప మంచానికి వెల్డింగ్ చేసిన చట్రంలోంచి తిప్పాలి. కట్టర్‌తో వచ్చినవాణ్ని ఇది ఆపలేదు, చేతికందింది పట్టుకుపోయేవాణ్ని ఆపుతుంది. సెలవులకు ఊరొస్తే వెంట తెచ్చుకోవడమే మేలు.

విండోస్‌లో ల్యాప్‌టాప్‌ ఎక్కడుందో చూపే ‘ఫైండ్ మై డివైస్’ ఇప్పుడే ఆన్ చేయించండి, పోయాక చేయలేం. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (దొంగ ఫైళ్లు చదవలేకుండా చేసే రక్షణ) కూడా పెట్టించి, రికవరీ కీ (అది లాకైపోతే తెరిచే కోడ్) కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి. ప్రాజెక్టు ఫైళ్లకు వేరే కాపీ తప్పనిసరి.

అడుగున ఉన్న సీరియల్ నంబరును, బిల్లును ఫొటో తీసి దాచండి. పోలీసు ఫిర్యాదులో ఆ నంబరు ఉంటేనే, దొరికిన ల్యాప్‌టాప్‌ మీదేనని తేల్చడం సులువవుతుంది.