లైర్ శ్రుతి ఎందుకు దిగిపోతోంది?

ప్రశ్న: బడి పిల్లలతో సొరబుర్ర, తోలు, వెదురు కలిపి ప్రాచీన గ్రీకుల తీగ వాయిద్యం లైర్ చేయించాం. ఏడు తీగలకూ ఒకటే నైలాన్ దారం కట్టాం. కింది స్వరాలు బరబరమంటున్నాయి, పైవి పొద్దున కలిపితే మధ్యాహ్నానికే దిగిపోతున్నాయి.
– ఒక టీచర్, అచ్చంపేట

జవాబు: గ్రీకులు వాడింది తాబేలు చిప్ప. మీరు బుర్ర ఎంచుకోవడం చాలా మంచి పని. మన అడవుల్లోని నక్షత్ర తాబేలును పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

బరబర మందం వల్లే. లైర్‌కు మెట్లుండవు, తీగకు ఒక్కటే స్వరం, పొడవులూ దాదాపు సమానం. అదే దారాన్ని ఒక స్థాయి (పై షడ్జమం నుంచి కింది షడ్జమానికి) దించాలంటే బిగువు నాలుగో వంతుకు తగ్గించాలి. అంత వదులైతే తీగ ఊగి తోలుకు తగులుతుంది. బిగువు మార్చకుండా మందం రెట్టింపు చేసినా స్థాయి దిగుతుంది కదా! అందుకని పై నిషాదానికి 0.50 మి.మీ. గాలం దారం, కింది షడ్జమానికి 0.90, మధ్యవాటికి ఆ నడుమ మందాలు కట్టండి. మీటే పొడవు 40 సెం.మీ. ఉంటే ఏడూ కలిసి పది కిలోలకు తగ్గకుండా లాగుతాయి. అడ్డకర్రను మోసే రెండు కొమ్మలు సన్న వెదురువైతే వంగిపోయి, ఒక తీగ బిగించగానే మిగతావి దిగుతాయి. గట్టి కర్ర పెట్టండి.

ఇక పై అడ్డకర్ర. వార్నిష్ వేసుంటే గరుకు కాగితంతో గీకేయండి. గ్రీకులకు తీగ బిగించే బిరడాలు లేవు. ఎద్దు తోలు పీలికతో కలిపి తీగను అడ్డకర్రకు చుట్టి, ఆ చుట్టనే తిప్పి శ్రుతి చేసేవాళ్లు. పట్టంతా రాపిడిదే. దారం తన మీద తానే ఎక్కేలా మూడు నాలుగు చుట్లు వేయండి, నున్నటి నైలాన్ కూడా ఆగుతుంది. కొత్త దారం కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది, రోజూ కలపాల్సిందే. ముసురు పడితే తోలు మెత్తబడి, దాని మీద తీగల్ని మోసే బ్రిడ్జి కుంగుతుంది. డప్పులా మంటకు కాచకండి, బుర్ర పగులుతుంది. కాసేపు ఎండ చాలు.

ప్రశ్న: మన కిన్నెర కూడా లైర్ జాతేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: కాదు. లైర్ తీగలు రెండు కొమ్మల మీది అడ్డకర్ర నుంచి బుర్రకు దిగుతాయి. కిన్నెర తీగ దండె వెంట సాగుతుంది, బుర్రలు దాని కింద ఉంటాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య వాయించిన కిన్నెరకు పన్నెండు మెట్లు. ఒక్క తీగనే మెట్టు మెట్టుకూ నొక్కి పాట నడిపిస్తారు. లైర్‌లో ఎడమచేతి వేళ్లు వెనక నుంచి ఆని, అక్కర్లేని తీగల్ని మోగకుండా ఆపుతాయి. కుడిచేతి మీటుడుకోల తీగలన్నిటి మీదా ఒక్క ఊపున సాగుతుంది.