పంటి నరాన్ని నిలిపే వైద్యమా, నేరుగా రూట్ కెనాలా: ఒక కుటుంబానికి ఖర్చుల లెక్క

ప్రశ్న: నా వయసు 36. ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నా జీతం, మావారి సంపాదన కలిపి నెలకు 42,000 రూపాయలు. నా కింది దవడ పన్ను లోతుగా పుచ్చింది, చల్లనివి తాగితే జివ్వుమంటుంది. ఒక డాక్టరుగారు రూట్ కెనాల్, క్యాప్ కలిపి 12,000 అవుతుందని, ఆరు నెలల వడ్డీలేని వాయిదాల్లో కట్టుకోవచ్చని చెప్పారు. మరొకరు నరం తీయకుండానే 4,500లో చేస్తామని, అది నిలవకపోతే తర్వాత రూట్ కెనాల్ తప్పదని అన్నారు. మా ఎనిమిదేళ్ల బాబుకు కూడా వెనక చివరి పన్ను పుచ్చింది. దానికి నరం నిలిపే వైద్యం చేయడానికి 5,000 అడిగారు కానీ, పాలపన్నేమో, ఊడిపోతుందిలే అని ఆగాం. 80,000 రూపాయల ఎఫ్‌డీ, ఒక లక్ష రూపాయల చిట్టీ ఉన్నాయి. రెండుసార్లు ఖర్చు పెట్టడం కంటే ఒకేసారి రూట్ కెనాల్ చేయించుకోవడం మేలు కాదా? చిట్టీ పాడుకోమంటారా?

సమాధానం: అమ్మా, మీ పంటికి ఏ వైద్యం తగినదో తేల్చవలసింది దంతవైద్యులే. నేను చూడగలిగింది డబ్బు లెక్క. ఆ లెక్కలో మాత్రం మీ భయానికి తగినంత ఆధారం కనిపించడం లేదు. నరం నిలిపే వైద్యం ఫలిస్తే మీకు అయ్యేది 4,500. ఫలించకపోతే దానికి 12,000 తోడై 16,500 అవుతుంది. ఇలాంటి పళ్లు పది ఉండి, వాటిలో ఆరు విఫలమయ్యాయనుకున్నా సగటున ఒక్కో పంటికి పడే ఖర్చు 11,700 మాత్రమే, అంటే నేరుగా రూట్ కెనాల్‌కు వెళ్లిన ఖర్చు కంటే ఇంకా తక్కువే. సరిగ్గా ఎంచిన పళ్లలో ఈ వైద్యం సగానికి చాలా మించి నిలుస్తుంది. కాబట్టి డాక్టరుగారిని అడగవలసింది ఇది నిలుస్తుందా లేదా అని కాదు, నా పన్ను లాంటివి పదింటిలో ఎన్ని నిలుస్తాయని మీ అనుభవం చెబుతోంది అని. ఆయన నాలుగు లేదా అంతకు మించి చెబితే డబ్బు పరంగా నరం నిలిపే దారే మీకు అనుకూలం.

అయితే ఈ లెక్క చెల్లడానికి నరం బతికి ఉండాలి. చల్లని నీరు తగిలినప్పుడు జివ్వుమని కొన్ని క్షణాల్లో తగ్గిపోతే, లోపలి నరం వాచినా కోలుకునే దశలో ఉన్నట్టు దంతవైద్యులు భావిస్తారు. ఏమీ తగలకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలేపే పోటు, వేడి తగిలిన తర్వాత చాలాసేపు నిలిచే నొప్పి ఉంటే వాపు ముదిరిందని అర్థం. ఒకప్పుడు ఆ దశలో నేరుగా రూట్ కెనాలే చేసేవారు. ఇప్పుడు కొన్ని పళ్లలో వాచిన పైభాగపు నరాన్ని మాత్రమే తీసి, వేర్లలోని నరాన్ని నిలుపుతున్నారు. పంటి నరానికి వైద్యం చేసే నిపుణుల సంఘాలైన యూరప్ ఎండోడాంటిక్ సంఘం 2019లో, అమెరికా ఎండోడాంటిస్టుల సంఘం 2021లో వెలువరించిన ప్రకటనలు నరాన్ని వీలైనంత వరకు కాపాడే ఈ పద్ధతులకు బలాన్నిచ్చాయి. నరం పూర్తిగా చచ్చిపోయి, చిగురు వాచి చీము పట్టిన పంటికి మాత్రం ఈ దారి లేదు. అక్కడ 4,500 పెట్టడం నిజంగానే వృథా. అందుకే చల్లదనంతో చేసే పరీక్ష, ఎక్స్‌రే జరగకుండా ఎవరు ఏ ధర చెప్పినా దాన్ని అంచనాగా లెక్కలోకి తీసుకోకండి.

ఇంకో విషయం మీ జేబుకు నేరుగా సంబంధించినది. పుచ్చు ఎంత లోతు వరకు తీయాలి, నరం బయటపడుతుందా, బయటపడితే రక్తం కొద్ది నిమిషాల్లో ఆగుతుందా అన్నవి పని మొదలుపెట్టాక గాని తెలియవు. రక్తం ఆగకపోతే డాక్టరుగారు అక్కడికక్కడే ఇంకాస్త నరం తీయడానికో, రూట్ కెనాల్‌కో మారవలసి రావచ్చు. నోరు తెరిచి కుర్చీలో ఉన్నప్పుడు ధర మాట్లాడుకునే వీలుండదు కనుక, నరం బయటపడకపోతే ఎంత, పైభాగం తీయవలసి వస్తే ఎంత, రూట్ కెనాల్‌కు మారితే ఎంత అని మూడు మొత్తాలూ ముందే కాగితం మీద రాయించుకోండి. రూట్ కెనాల్‌కు మారినప్పుడు ముందు కట్టిన 4,500లో కొంతైనా మినహాయిస్తారేమో కూడా అప్పుడే అడగండి. మామూలు ఫిల్లింగ్ కంటే ధర ఎందుకు ఎక్కువని మీకు అనిపించవచ్చు. నరం మీద పూతగా వాడే ఎంటీఏ, బయోడెంటిన్ వంటి పదార్థాలు పాత కాల్షియం హైడ్రాక్సైడ్ కంటే ఖరీదైనవి. నరానికీ నోటిలోని సూక్ష్మజీవులకూ మధ్య గట్టి అడ్డుగోడగా నిలుస్తాయి కనుక అక్కడ పొదుపు చేయమని నేను చెప్పను.

రూట్ కెనాల్ ఒకేసారి తేలిపోయే ఖర్చు అన్న ఆలోచన కూడా సరికాదు. అది మంచి వైద్యమే, అవసరమైనప్పుడు వెనకాడవద్దు. కానీ క్యాప్ జీవితాంతం ఉండదు. కొన్నేళ్లకు దాని అంచు కింద మళ్లీ పుచ్చవచ్చు, క్యాప్ మార్చవలసి రావచ్చు, కొన్ని పళ్లకు రూట్ కెనాల్ మళ్లీ చేయవలసి వస్తుంది. మీకు ఇప్పుడు 36 ఏళ్లు. ఈ ఖర్చుల గొలుసు పదేళ్లు ఆలస్యంగా మొదలైనా అది మీకు లాభమే. ఇంట్లో ఎవరైనా పన్ను పీకించుకుంటే తక్కువలో పోతుందంటే, ఆ ఖాళీలో బ్రిడ్జి వేయాలంటే సాధారణంగా రెండు పక్క పళ్లను అరగదీసి మూడు క్యాపుల ఖర్చు భరించాలని గుర్తుచేయండి.

ఇక బాబు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఎనిమిదేళ్ల పిల్లవాడి నోట్లో అన్నిటికంటే వెనక ఉండే దవడ పన్ను సాధారణంగా పాలపన్ను కాదు. అది ఆరేళ్ల ప్రాయంలో ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక నుంచి మొలిచే శాశ్వత దంతం, అందుకే ఎందరో తల్లిదండ్రులు పొరపడుతుంటారు. డాక్టరుగారిని అడిగి నిర్ధారించుకోండి. ఆ పంటి వేర్ల కొనలు తొమ్మిది, పదేళ్ల వయసుకు గాని మూసుకోవు, వేరు గోడలు మందం కావాలంటే లోపలి నరం బతికి ఉండాలి. ఇప్పుడు నరం చచ్చిపోతే వేరు పలచగా, బలహీనంగా ఆగిపోతుంది. తెరిచి ఉన్న కొనను మూయడానికి మామూలు రూట్ కెనాల్ కంటే కష్టమైన, ఖరీదైన వైద్యం కావాలి, అంతా చేశాక కూడా ఆ పన్ను విరిగే ప్రమాదం మిగులుతుంది. అరవై ఏళ్లు నమలవలసిన పన్ను అది. మీ చేతిలో ఈ నెల ఒక్క పంటికే డబ్బు ఉందనుకుంటే, మీకు రాత్రి నొప్పి లేనంత వరకు, ముందు బాబు పంటికే పెట్టండి. ఆరేళ్ల ప్రాయంలో మొలిచిన ఇలాంటి మిగిలిన మూడు దవడ పళ్లు బాగుంటే వాటి గుంటల్లో సీలెంట్, అంటే పుచ్చకుండా గుంటలను మూసే పూత, వేయించే సంగతి కూడా అప్పుడే అడగండి, దానికయ్యే ఖర్చు చిన్నది.

డబ్బు ఎక్కడ నుంచి తేవాలన్నది చివరి అంశం. రెండు పళ్లకూ కలిపి కావలసింది 9,500, ఎక్స్‌రేలతో 10,000 అనుకుందాం. దీని కోసం చిట్టీ పాడవద్దు. పదివేల అవసరానికి లక్ష చిట్టీ తొందరగా ఎత్తుకుంటే పాటలో వదులుకునే మొత్తం ఈ వైద్యం ఖర్చునే మించిపోవచ్చు. ఎఫ్‌డీని కూడా పూర్తిగా రద్దు చేయకండి. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీని హామీగా ఉంచి తీసుకునే అప్పు, ఇవ్వమని బ్యాంకును అడగండి, సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు. 10,000 తీసుకుని నెలకు 2,500 చొప్పున నాలుగు నెలల్లో తీర్చేస్తే, 9 శాతం వడ్డీ అనుకున్నా మీకు పడేది రెండు వందల రూపాయల లోపే.

వడ్డీలేని వాయిదాల విషయంలో, రొక్కంగా కడితే ఎంత తగ్గిస్తారో ముందు అడగండి. ఉదాహరణకు 12,000 మీద 2 శాతం ప్రాసెసింగ్ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 283 అవుతుంది. రొక్కానికి ఇచ్చే 5 శాతం తగ్గింపు, అంటే 600, మీకు దక్కకుండా పోతుంది. ఈ 883 రూపాయలను ఆరు నెలల్లో క్రమంగా తగ్గే బాకీతో పోల్చి చూస్తే అది ఏడాదికి సుమారు 25 శాతం వడ్డీతో సమానం.

మామూలు ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పళ్ల వైద్యానికి చాలా పాలసీలు చెల్లించవు. దాని కంటే మీ ఊళ్లోనే ఉన్న మమత దంత వైద్య కళాశాల మీకు ఎక్కువ పనికొస్తుంది. ఇలాంటి బోధనాసుపత్రుల్లో పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు, రుసుములు సాధారణంగా బయటి క్లినిక్‌ల కంటే తక్కువగా ఉంటాయి. బాబును పిల్లల దంత విభాగంలో చూపించండి. అక్కడ ఎక్కువసార్లు తిరగవలసి వస్తే మీకు జీతం కోత పడుతుందేమో, ఆ మొత్తాన్ని కూడా ధరలో కలిపి పోల్చుకోండి.

ఓవర్‌డ్రాఫ్ట్ తీరిన నెల నుంచి వెయ్యి రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఏడాదిలో అది 12,000 దాటుతుంది, అంటే మీ నరం నిలవకపోయినా రూట్ కెనాల్ డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఆరు నెలలకు, ఏడాదికి నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించుకోండి, నరం నిశ్శబ్దంగా చచ్చిపోయే అవకాశం ఉంటుంది. ఈలోగా మీకు గాని, బాబుకు గాని రాత్రి పోటు మొదలైతే నొప్పి మాత్రలతో నెట్టుకురాకుండా మర్నాడే వెళ్లండి, ఎందుకంటే పైన వేసిన 4,500, 5,000 లెక్కలు నరం బతికి ఉన్నంత వరకే చెల్లుతాయి.