బడిలో పేరు ఆగస్టులో కాదు, వసంతంలోనే రాయించండి

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీ తెలుగు కుటుంబాల నుంచి బడుల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. నేను ఉత్తర వర్జీనియాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ అసిస్టెంట్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. చట్టం చెప్పేది చట్టంగా, తరగతి గదిలో నేను చూసేది నేను చూసినట్టుగా రాస్తాను.

ప్రశ్న: మా పాప ఈ ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరింది. తరగతిలో 27 మంది పిల్లలున్నారు. బ్రాంబుల్టన్‌లో ఉండే మా తోడికోడలి కొడుకు తరగతిలో 20 మందే. ఒకే కౌంటీ, ఒకే రకం పన్ను. ఇంత తేడా ఎందుకు? ఎవరిని అడగాలి? – ఆష్‌బర్న్ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక్క విషయం చూసుకోండి. మీ పాప తరగతిలో టీచరుతో పాటు రోజంతా ఇంకొక పెద్ద మనిషి ఉంటున్నారా? వర్జీనియా చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ తరగతిలో 29 మందికి మించకూడదు. 24 దాటితే పూర్తికాలం సహాయకురాలిని ఇవ్వాలి. మీ పాప గదిలో 27 మంది ఉన్నారు కాబట్టి ఆ మనిషి ఉండాలి. లేకపోతే ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ రాయండి. మొహమాటపడాల్సిన పని లేదు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు గరిష్ఠ సంఖ్య 30, నాలుగు నుంచి ఆరు వరకు 35. సెప్టెంబర్ 30 తర్వాత ఏ తరగతి అయినా ఈ హద్దు దాటితే, పది రోజుల్లోగా ఆ తరగతి తల్లిదండ్రులందరికీ తెలియజేయాలి. ఇదీ చట్టంలోనే ఉంది.

ఇక తేడా ఎందుకంటారా. ఒక బడిలో కిండర్‌గార్టెన్‌కు 81 మంది వచ్చారనుకోండి. ముగ్గురు టీచర్లుంటే గదికి 27 మంది, నలుగురుంటే సుమారు 20 మంది. మీ బడికీ మీ తోడికోడలి కొడుకు బడికీ మధ్య ఉన్నది ఒక్క టీచరే కావచ్చు. ఆ టీచరు ఉండాలా వద్దా అన్నది బడి తెరిచాక తేలే సంగతి కాదు, అంతకు ముందు వసంతకాలంలోనే తేలిపోతుంది. ఐదేళ్ల కిందట ఎన్ని కాన్పులయ్యాయి, ఏ కాలనీలో ఎన్ని ఇళ్లు కడుతున్నారు, కింది తరగతుల నుంచి ఎంతమంది పైకి వస్తున్నారు, ఇప్పటికే ఎందరు పేర్లు రాయించారు – ఇవన్నీ చూసి అంచనా వేస్తారు. ఆ అంచనాను బట్టి ప్రతి ప్రిన్సిపాల్‌కు ఇన్ని పోస్టులని కేటాయిస్తారు. మంచి టీచర్లు మార్చి నుంచి జూన్ లోపే ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేస్తారు.

మనవాళ్లు ఏం చేస్తున్నారో నాకు ప్రతి ఏడూ కనిపిస్తుంది. జూన్‌లో బడి మూయగానే విమానం ఎక్కి హైదరాబాద్ వెళతారు. ఆగస్టు రెండో వారంలో తిరిగివచ్చి, నిద్ర కూడా తీరకముందే ఆఫీసు ముందు వరుసలో నిలబడతారు. ఏప్రిల్‌లో పోస్టులు పంచినవాళ్ల దృష్టిలో ఆ పిల్లలు అసలు లేరు. అందరి పేర్లూ ఎక్కాక ఇంకో టీచరు కావాలని తేలుతుంది. ఇలాంటి అవసరాల కోసం కౌంటీలు కొన్ని పోస్టులు విడిగా ఉంచుకుంటాయి, కాబట్టి పోస్టు దొరకవచ్చు. ఆ పోస్టులోకి మనిషి సెప్టెంబర్‌లో దొరకాలి కదా! దొరికిన రోజున ఒక్కో గది నుంచి ఆరేడుగురు పిల్లలను తీసి నాలుగో కిండర్‌గార్టెన్ గది చేస్తారు. అప్పుడప్పుడే అమ్మ కోసం ఏడవడం మానేసిన పిల్లలు మళ్లీ మొదలుపెడతారు. వాళ్ల చెయ్యి పట్టుకుని కొత్త గదికి తీసుకెళ్లేది నాలాంటివాళ్లమే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వచ్చే సెప్టెంబర్ 30 నాటికి ఐదేళ్లు నిండే బిడ్డ మీ ఇంట్లోగానీ చుట్టాల ఇంట్లోగానీ ఉంటే, నమోదు మొదలైన వెంటనే పేరు రాయించండి. జనన ధ్రువపత్రం, ఇంటి లీజు లేదా కొనుగోలు పత్రం, టీకాల వివరాలు, చేరే ముందు పన్నెండు నెలల్లోపు చేయించిన వైద్య పరీక్ష ఫారం కావాలి. జనన ధ్రువపత్రం గుంటూరు మున్సిపాలిటీది అయినా ఇబ్బంది లేదు. వీసా ఏమిటన్నది బడికి అక్కర్లేదు. 1982లో ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, వలస హోదా కారణంగా ఏ ప్రభుత్వ బడీ బిడ్డను తిప్పి పంపకూడదు.

ప్రశ్న: బడి ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. తెలుగు అని రాస్తే బాబును ఇంగ్లిష్ రానివాళ్లలో వేస్తారని స్నేహితులు అంటున్నారు. ఇంగ్లిష్ అని రాసేయమంటారా? – సౌత్ రైడింగ్ నుంచి ఒక తండ్రి

జవాబు: వద్దు బాబూ. తెలుగు అనే రాయండి.

ఆ ఫారం చూసి బాబుకు ఒక చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ బాగా వస్తే సంగతి అక్కడితో అయిపోతుంది. సాయం కావాలని తేలితే ఇంగ్లిష్ నేర్పే ప్రత్యేక టీచరు వస్తారు. బాబు మాత్రం అందరితో పాటు తన తరగతిలోనే ఉంటాడు. బడి మొదలైన 30 రోజుల్లోపు మీకు ఉత్తరం వస్తుంది. ఆ సాయం అక్కర్లేదని చెప్పే హక్కు మీకుంది. ఏటా జరిగే భాషా పరీక్ష మాత్రం రాయాల్సి ఉంటుంది.

రెండో సంగతి టీచర్ల లెక్క. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఎందరు, ఏ మెట్టు మీద ఉన్నారు అన్నదాన్ని బట్టి ఆ ప్రత్యేక టీచర్ల సంఖ్య నిర్ణయిస్తారు. అన్నిటికన్నా కింది మెట్టులో ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు అని ఇప్పుడు వర్జీనియా చట్టం చెబుతోంది. మనం ఇంగ్లిష్ అని రాసి దాచిన ఏ పిల్లవాడూ ఆ లెక్కలో పడడు. రావాల్సిన టీచరు రారు. నష్టం మన పిల్లవాడితో ఆగదు, పక్కనున్న స్పానిష్ పిల్లకూ ఉర్దూ పిల్లవాడికీ కూడా అదే నష్టం.

కరీంనగర్ నుంచి నేరుగా రెండో తరగతిలోకి వచ్చిన ఒక అబ్బాయి నాకు ఇంకా గుర్తున్నాడు. ఫారంలో ఇంగ్లిష్ అని ఉంది. నెలల తరబడి నోరు విప్పలేదు. సిగ్గరి అనుకున్నారు టీచరు. ఒకరోజు భోజనాల దగ్గర తెలుగులో పలకరించాను. పన్నెండో ఎక్కం గడగడా చెప్పాడు. అంకెలతో లెక్క ఇస్తే క్షణంలో చేసేవాడు, అదే లెక్కను ఇంగ్లిష్ వాక్యాల్లో ఇస్తే చదువుకోలేక కాగితం ఖాళీగా ఇచ్చేవాడు. వాడికి మొదటి వారంలోనే దొరకాల్సిన సాయం చలికాలంలో దొరికింది. తల్లిదండ్రులు మంచివాళ్లే, భయపడి అలా రాశారు. మీరు భయపడకండి.

ప్రశ్న: ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ మన కౌంటీలోనే ఉన్నాయంటారు. వాటి పన్ను అంత వస్తుంటే ఇంకా టీచర్లను ఎందుకు పెట్టరు? మాది హెచ్-1బి, ఓటు లేదు. మేం చేయగలిగింది ఏమైనా ఉందా? – ఆల్డీ

జవాబు: ఉంది. దానికన్నా ముందు డబ్బు దారి చెబుతాను.

వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. టీచర్లు ఎందరు కావాలో లెక్క వేసేది స్కూల్ బోర్డు, డేటా సెంటర్ల పన్నుతో సహా కౌంటీ డబ్బును పంచి ఇచ్చేది కౌంటీని పాలించే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. రెండింటిలోనూ తొమ్మిదేసి మంది. రాష్ట్రం ఇచ్చే వాటా ఒక సూత్రం ప్రకారం వస్తుంది. కౌంటీలోని ఆస్తుల విలువకు సగం బరువు, జనం ఆదాయానికి 40 శాతం, అమ్మకాలకు 10 శాతం. ఆస్తులూ ఆదాయాలూ ఎక్కువున్న లౌడన్ లాంటి కౌంటీ తన ఖర్చులో పెద్ద భాగం తానే పెట్టుకోవాలి. అంటే ఇళ్ల ధరలు పెరిగాయని మనం సంతోషిస్తే, రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటుంది. ఆ వాటాను కూడా బడి మొదలైన రోజు నుంచి మార్చి 31 వరకు సగటున ఎందరు పిల్లలు నమోదై ఉన్నారో చూసి లెక్కగడతారు.

పిల్లల సంఖ్య సంగతి కూడా తెలిసుండాలి. 2000 ప్రాంతంలో లౌడన్ బడుల్లో సుమారు 30 వేల మంది ఉండేవారు. ఇప్పుడు దాదాపు 80 వేల మంది. 2012లో జాన్ చాంప్, 2014లో రాక్ రిడ్జ్, 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్ హైస్కూళ్లు తెరిచారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే ఇవన్నీ. కరోనా ఏడాదిలో సంఖ్య తగ్గింది, ఆ తర్వాత మునుపటి ఊపు లేదు. మొత్తం సంఖ్య పెరగనప్పుడు కొత్త పోస్టులు అడగడం కష్టమవుతుంది. మీ ఒక్క బడి కిక్కిరిసి ఉన్నా సరే, కౌంటీ సగటులో అది కనిపించదు.

కనిపించేలా చేయాల్సింది మీరే. కౌంటీ బడులన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్ బడ్జెట్ ప్రతిపాదన జనవరిలో వస్తుంది. స్కూల్ బోర్డు బహిరంగ విచారణలు, అంటే జనం మాట వినే సమావేశాలు, పెట్టి దాన్ని ఆమోదించి సూపర్‌వైజర్లకు పంపుతుంది. వాళ్లు వసంతంలో తేలుస్తారు. కొత్త ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆ విచారణల్లో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, పౌరసత్వం అక్కర్లేదు. పేరు నమోదు చేసుకుంటే మైకు ముందు కొద్ది నిమిషాలు ఇస్తారు. "మా బడిలో రెండో తరగతి నాలుగు గదుల్లోనూ 28 మంది చొప్పున ఉన్నారు" అని ఒక తండ్రి నిలబడి చెబితే, వాట్సాప్‌లో వంద మంది వాపోయినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. మనవాళ్లు సెప్టెంబర్‌లో కోప్పడతారు, జనవరిలో సంక్రాంతి కార్యక్రమాల్లో ఉంటారు. ఈసారి ఒక్క సాయంత్రం విచారణకు కేటాయించండి.

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. అబ్బాయి దగ్గరకు వచ్చాను. కౌంటీ పడమటి వైపు పల్లెల్లో చిన్న చిన్న బడులు కనిపించాయి. పిల్లలు తక్కువైతే ఇక్కడ మూసేయరా? – ఒక పెద్దాయన

జవాబు: మాస్టారూ, నమస్కారం. మూసేద్దామన్న మాట ఇక్కడా వస్తుంది. డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా చిన్న బడుల పేర్లే ముందు వినిపిస్తాయి. మిడిల్‌బర్గ్ ఊరివాళ్లు తమ ఎలిమెంటరీ బడిని నిలబెట్టుకోవడానికి 2014లో దాన్ని చార్టర్ పాఠశాలగా మార్చుకున్నారు. 2016లో హిల్స్‌బరో కూడా అదే దారి పట్టింది. కౌంటీ డబ్బు వస్తూనే ఉంటుంది, నడిపే బాధ్యతలో తల్లిదండ్రులకూ ఊరికీ ఎక్కువ భాగం ఉంటుంది.

ఇండియాలో విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు అంటుంది. ఐదు తరగతులను ఇద్దరు ఎలా లాగుతారో మీకు నేను చెప్పాలా? వారిలో ఒకరు సెలవు పెట్టిన రోజు ఎలా ఉంటుందో కూడా మీరు చూసే ఉంటారు. చిన్న బడిని ఉంచడమంటే తలసరి ఎక్కువ ఖర్చుకు సిద్ధపడటమే. మిడిల్‌బర్గ్ వాళ్లు అందుకు సిద్ధపడ్డారు. ఊరు పూనుకోనిచోట అధికారుల లెక్కే గెలుస్తుందని నా అభిప్రాయం. మీ అనుభవం వేరైతే రాయండి, తప్పకుండా వేస్తాం.

ప్రశ్న: గుంటూరులో ఎమ్మెస్సీ, బీఈడీ చేసి హైస్కూల్లో గణితం చెప్పాను. ఇప్పుడు భర్త హెచ్-1బి మీద వచ్చే హెచ్-4 వీసాతో ఉన్నాను. ఇక్కడ టీచరు కాగలనా? – స్టెర్లింగ్

జవాబు: కాగలరు తల్లీ. గణితం, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకు వర్జీనియాలో కొరత ఉంది. ముందు పని అనుమతి చూసుకోండి. 2015 నుంచి, భర్తకు గ్రీన్‌కార్డు దారిలో కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందిన హెచ్-4 వారికి ఆ అనుమతి దొరుకుతోంది. తర్వాత మీ డిగ్రీలను విదేశీ పట్టాలు పరిశీలించే గుర్తింపు పొందిన సంస్థతో మదింపు చేయించండి. టీచర్ లైసెన్సుకు కావాల్సిన ప్రాక్సిస్ పరీక్షను గణితంలో రాయండి. ఏవైనా అర్హతలు మిగిలి ఉంటే, కొన్నేళ్ల గడువుతో తాత్కాలిక లైసెన్సు ఇస్తారు. ఉద్యోగం చేస్తూనే అవి పూర్తి చేసుకోవచ్చు.

ఈలోగా సబ్‌స్టిట్యూట్‌గానో టీచర్ అసిస్టెంట్‌గానో చేరండి. ఇక్కడి పిల్లల తీరు, తరగతిని అదుపులో ఉంచే పద్ధతి గుంటూరుకన్నా చాలా వేరు. అది పుస్తకంలో దొరకదు, గదిలోనే నేర్చుకోవాలి. ప్రిన్సిపాళ్లు మిమ్మల్ని చూసి ఉంటే ఇంటర్వ్యూ కూడా తేలికవుతుంది. మదింపు కాగితాలకు వారాలు పడుతుంది కాబట్టి ఈ శీతాకాలంలోనే మొదలుపెట్టండి. ఫిబ్రవరి నుంచి కౌంటీ వెబ్‌సైట్‌లో ఖాళీలు చూస్తూ ఉండండి. వేసవిలో ఇండియా వెళ్లాలనుకుంటే, టికెట్ కొనేముందే దరఖాస్తు పంపండి.