ఆ జాబితా అడగొచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ వేస్తాం. 2020 లాక్‌డౌన్‌లో రైతులకు వేసిన డబ్బు మా ఊళ్లో ఎవరెవరికి పడిందని అడిగితే, "పక్కోళ్ల సంగతి నీకెందుకు?" అన్నారు. అడగకూడదా సార్?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: తప్పకుండా అడగన్నా, అది ప్రజల సొమ్ము. ముందు ఒక సంగతి. ఆ ఏప్రిల్‌లో పడిన 2,000 రూపాయలు పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే 6,000లోవే. కరోనా కోసం అదనంగా ఇచ్చినవి కావు, ముందుగా వేశారంతే. ఈ తేడాను పల్లెల్లో విడమరచి చెప్పలేదని నాకిప్పటికీ బాధే. పైగా ఈ పథకం భూమి పేరున ఉన్నవాళ్లకే. కేవలం కౌలు చేసేవాళ్లకు రాలేదు.

పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో ఊరివారీగా లబ్ధిదారుల జాబితా ఉంటుంది. పాత విడతల వివరాలకు సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద మండల వ్యవసాయ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వు. పేర్లు, విడత, మొత్తం అడుగు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు మాత్రం అడగొద్దు, అవి ఎవరివైనా బయటపడకూడదు. రసీదు వదలొద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చెయ్యి.