తులం తూగే రూపాయి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అవ్వ పెట్టెలో 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలు మూడు దొరికాయి. లక్షలు పలుకుతాయని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. అసలువో కావో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
(పాఠకురాలు, తిరుపతి)

జవాబు: లక్షల మాట మరిచిపోండి. 1862 అనే అంకెతోనే ఆ తర్వాత పదేళ్లకు పైగా రూపాయలు కొట్టారు. అందుకే అవి కొల్లలుగా దొరుకుతాయి. అసలా కాదా అన్నది తేల్చుకోవచ్చు.

గ్రాములో నూరో వంతు దాకా చూపే త్రాసు కావాలి. టంకశాల నుంచి వచ్చినప్పటి బరువు 11.66 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది, పెరగడానికి మాత్రం వీల్లేదు. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోలేదని సంబరపడకండి, ఇత్తడీ అతుక్కోదు.

అసలు పరీక్ష నీళ్లతో. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు 1.13 దగ్గర చూపాలి. నాణెం అరిగి ఉంటే దాని బరువును, ముంచినప్పుడు త్రాసు చూపిన అంకెతో భాగించండి, 10.3 చుట్టుపక్కల రావాలి. వెండిలా కనిపించినా వెండి లేని జర్మన్ సిల్వరైతే తొమ్మిది కూడా దాటదు. చాలామంది తప్పేది ఇక్కడే: నాణేనికి గాలిబుడగలు అంటుకుంటే అంకె పెరిగి, మంచి వెండి కూడా దొంగసరుకులా కనిపిస్తుంది. ఒకసారి ముంచి, ఆడించి, బుడగలు పోయాక చూడండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన జార్జి రూపాయలకు ఈ లెక్క కుదరదు, వాటిలో వెండి సగమే.

చింతపండుతోనో విభూతితోనో తోమొద్దు. తళతళలాడే పాత నాణేనికి సేకర్తల దగ్గర ధర తగ్గుతుంది.

ప్రశ్న: ఇప్పటి నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటుంది, ఎందుకు?
(విద్యార్థి, చిత్తూరు)

జవాబు: అది హైదరాబాద్ టంకశాల గుర్తు. ముంబయిది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాలో కొట్టినది.

ప్రశ్న: బ్రాహ్మీ లిపి చదివిన ప్రిన్సెప్, టంకశాల అధికారి ప్రిన్సెప్ ఒకరేనా?
(ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఒకరే. జేమ్స్ ప్రిన్సెప్ మొదట కాశీ టంకశాలలో, ఆ తర్వాత కలకత్తాలో వెండి వన్నె, అంటే స్వచ్ఛత, చూసే అధికారి. నాణెం నుంచి తీసిన తునకను సీసంతో కలిపి, ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో పుటం పెడతారు. సీసం, రాగి ఆ గిన్నెలోకి ఇంకిపోయి వెండిపూస మిగులుతుంది. ముందు బరువులో పూస బరువు ఎన్నో వంతో అదే వన్నె. వెంట్రుకవాసి తప్పినా లెక్క చెడుతుంది కాబట్టి ఆయన మహా సున్నితమైన త్రాసు కూడా తయారుచేశాడు.

అప్పట్లో మద్రాసు రూపాయి వేరు, బెంగాలు సిక్కా రూపాయి వేరు. కంపెనీ ఏలుబడి అంతటికీ 180 గ్రెయిన్ల, అంటే 11.66 గ్రాముల, ఒకే రూపాయి 1835లో వచ్చింది, అందులో ప్రిన్సెప్ పాత్ర పెద్దది. ఆ 180 గ్రెయిన్లే పాత తులం. నేటి అంగళ్లలో తులమంటే 10 గ్రాములు, అవ్వ కాలంలో మాత్రం ఒక రూపాయి ఎత్తు.

లిపి సంగతి 1837లో. సాంచీలోని చిన్న చిన్న శాసనాలెన్నో ఒకే రెండక్షరాలతో ముగియడం గమనించి, అది ‘దానం’ అయ్యుంటుందని ఊహించాడు. మిగతా అక్షరాలు దాని వెంటే వచ్చాయి. 1840లో, నలభై ఏళ్లకే పోయాడు.

ప్రశ్న: చంద్రగిరి రాజుల నాణేల మీద శ్రీవారి బొమ్మ ఉండేదంటారు, నిజమేనా?
(పాఠకుడు, చంద్రగిరి)

జవాబు: నిజమే. వెంకటపతిరాయల బంగారు వరహా మీద తోరణం కింద నిలుచున్న వేంకటేశ్వరుడు, వెనక నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ ఉంటాయి. వరహా దాదాపు 3.4 గ్రాములు. అచ్చం ఇలాగే కనిపించే లాకెట్లు చాలా ఉన్నాయి, కొనేముందు తూయించండి. కొక్కెం అతికించి తీసిన మచ్చ అంచున ఉంటే, అసలైనదే అయినా ధర బాగా పడిపోతుంది.